తొంభై తిప్పుల జావ

గరిటక్క నా క్లాసుకి వచ్చిన మొదటిరోజే ఆమెను వెళ్ళగొట్టబోయాను. అప్పటికే అరగంట ఆలస్యం. చేతిలో పుస్తకం లేదు. వెనక బెంచీలో కూర్చుని గోడకి తల ఆనించి కునికిపాట్లు పడుతోంది. నేనసలే మెట్లెక్కి వచ్చేసరికే చిరాకుపడే మనిషిని. డస్టరు బల్లమీద కొట్టి, "ఏమ్మా, ఇది సత్రం అనుకున్నావా?" అన్నాను. ఆమె కళ్ళు తెరిచి, "సత్రమైతే వంట నేనే చేసేదాన్ని టీచరమ్మా. ఈపాటికి మీకు వడ్డించేసేదాన్ని కూడా" అంది. క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది గానీ పొమ్మనడానికి నోరు రాలేదు.

నేను జపనీస్ చెబుతాను. పెద్ద పండితురాలినేం కాదు. కుర్రతనంలో ఒక ఓడల కంపెనీ ఆఫీసులో పనిచేస్తూ నేర్చుకున్న భాష, అదే ఇప్పుడు కూడు పెడుతోంది. సైకిల్ షాపు పైన రెండు గదులు. ఒకదాంట్లో బెంచీలు, రెండోదాంట్లో గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు. జపాన్‌లోని వృద్ధాశ్రమాల వంటిళ్ళలో పనికి వెళ్ళేవాళ్ళకి నాలుగు నెలలు పాఠాలు చెప్పి పరీక్షకి తయారు చెయ్యడం నా పని. ఆఖర్న అక్కడి నుంచి ఒక మనిషి వస్తుంది. చేతికి ఒక చీటీ ఇస్తుంది. చీటీలో ఏముంటే అది చదువుకుని వండాలి, వండినది ముసలివాళ్ళకి తినిపించినట్టు ఒకరికి తినిపించి చూపించాలి. అప్పటిదాకా నా దగ్గర చదివినవాళ్ళలో ఒక్కరు కూడా తప్పలేదు. ఆ సంగతి నేను అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పుకునేదాన్ని.

గరిటక్క ఒక పెద్దాసుపత్రి క్యాంటీన్లో ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తోంది. తెల్లవారకముందే పొయ్యి ముట్టించాలి, మధ్యాహ్నం మూడింటికి దింపాలి, ఆ తరవాత బస్సెక్కి నా దగ్గరికి రావాలి. కునుకు పట్టిందంటే పట్టదూ మరి. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ ఎవరూ పిలవరు. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే గరిట ఎత్తి చూపిస్తుందని ఆసుపత్రిలో నర్సులు పెట్టిన పేరే మిగిలిపోయింది. వయసు నలభై నాలుగు. ఆ ఉద్యోగానికి పరీక్షనాటికి నలభై అయిదు నిండి ఉంటే తీసుకోరు. పరీక్ష అయిన నెలన్నరకి ఆమెకు నలభై అయిదు నిండుతాయి. అంటే ఆమెకున్నది ఒకే ఒక్క పరీక్ష.

ఎందుకమ్మా ఈ వయసులో అంత దూరం అని రెండో వారంలో అడిగాను. జాకెట్టులోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఈ పనికి మనుషుల్ని తీసుకునే కంపెనీవాళ్ళు పంచిన కరపత్రం. పనివాళ్ళకిచ్చే గది ఫొటో ఉంది దానిమీద. ఒక మంచం, ఒక కిటికీ, ఒక తలుపు.

"చూశారా టీచరమ్మా, గడియ లోపలుంది."

నాకు అర్థం కాలేదు. గదికి గడియ లోపలుండక ఎక్కడుంటుంది అన్నాను.

"మా ఇంట్లో బయటుంటుంది" అంది.

పెళ్ళైన మూడేళ్ళకే మొగుడు ఎటో పోయాడు. అప్పట్నుంచి తమ్ముడి ఇంట్లో, మెట్ల కింద గదిలో ఉంటోంది. ఒకప్పుడు అది సామాన్ల గది. సామాన్లకి లోపల గడియతో పనేముంది? పద్దెనిమిదేళ్ళుగా ఎవరికి ఏ డబ్బా కావాలన్నా, ఎవరికి ఏ చీపురు కావాలన్నా తలుపు తోసుకుని వచ్చేస్తారు. ఆమె చీర మార్చుకుంటున్నా సరే, జ్వరంతో పడుకున్నా సరే. ఇప్పుడు మేనల్లుడికి పెళ్ళి కుదిరింది. ఆ గదికీ పక్క గదికీ మధ్య గోడ కొట్టేసి కొత్త జంటకి ఇస్తారట. మొన్న ఆమె అన్నం తింటుండగానే మరదలు టేపు పట్టుకొచ్చి, "వదినా, కాస్త కాళ్ళు ముడుచుకో" అని మంచానికి కొలతలు తీసుకుందట. ఈ మాట గరిటక్క నవ్వుతూనే చెప్పింది. "ముడుచుకున్నాను టీచరమ్మా. ఇంకా ఎంత ముడుచుకోమంటారో అడగలేదు" అంది. నేను మొహం తిప్పుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

ఇక చదువు సంగతి. అక్షరం చూస్తే ఆమెకు తల తిరిగేది. వంట మాటల పట్టిక ఇచ్చి బట్టీ పట్టమన్నాను. వారం తిరిగేసరికి ఒక్క ముక్క రాలేదు. మనం ఉడకబెట్టడం అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం, వాళ్ళు అలా కాదు. బియ్యం నీళ్ళు ఇగిరేదాకా వండితే అది తకు. ఉత్త నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే యుదెరు. రుచి కలిపిన నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళతో సహా తింటే నిరు. ఆవిరి మీదైతే ముసు. నేను గొంతు చించుకుని చెబుతున్నాను, ఆమె తల ఊపుతోంది, అడిగితే నిరు అనాల్సిన చోట ముసు అంటోంది. "నీ బుర్రలో ఏముందమ్మా, అడుగంటిన మాడా?" అని అందరి ముందూ అనేశాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

ఆమె లేచి పక్క గదిలోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. మూడు గిన్నెలు పెట్టింది. "మాట మీరనండి, పని నేను చేస్తా. నా చెవి కన్నా చెయ్యి చురుకు" అంది. యుదెరు అన్నాను. పాలకూర మరిగే నీళ్ళలో ముంచి తీసి, పిండేసి, ఆ నీళ్ళు తొట్లో పోసింది. నిరు అన్నాను. ముల్లంగి ముక్కలు ఉప్పూ తీపీ కలిపిన నీళ్ళలో వేసి సెగ తగ్గించింది. "తెలిసిపోయింది టీచరమ్మా! పిండుకుని పారబోసేది అత్తారిల్లు, దాని నీళ్ళు దానికే ఉంచేది పుట్టిల్లు" అంది. ఆ వెంటనే, "మా పుట్టిల్లు అని కాదులెండి" అని సర్దుకుంది.

ఆ రోజు నుంచి క్లాసు పొయ్యి దగ్గరే. నూనె లోతుగా పోసి వేయిస్తే అగెరు, కొద్ది నూనెలో గరిటెతో తిప్పుతూ వేయిస్తే ఇతమెరు, నిప్పు మీద కాల్చినా పెనం మీద కాల్చినా యకు. రెండు నెలల్లో గరిటక్క క్లాసందరినీ మించిపోయింది. పక్క బెంచీ అమ్మాయి ఇరవై రెండేళ్ళది, డిగ్రీ చదివింది, చీటీ చదివి ఆలోచించుకునేలోపు గరిటక్క సగం పని చేసేసేది. మూకుడు మూత మామూలుగా ఎవరమైనా గుడ్డతో తీస్తాం. ఆమె వట్టి చేత్తో తీసి పక్కన పెట్టేది. ఒకసారి నేను ఆ మూత తాకి కెవ్వుమన్నాను. "చూడండర్రా, వంటమనిషి చేతులంటే అవీ!" అని నేనే చప్పట్లు కొట్టించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆమె మాత్రం నవ్వకుండా చేతులు కొంగులో దాచుకుంది.

మూడో నెలలో సమసు పాఠం వచ్చింది. ఐసులోనో ఫ్రిజ్జులోనో పెట్టి చల్లబరిస్తే అది హియసు. సమసు అంటే వేడిని దానంతట అది దిగనివ్వడం, చల్లార్చడం. ముసలివాళ్ళకి పెట్టే జావ ఒంటి వెచ్చదనానికి దిగాలి. మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూడాలి, వేడి తెలియకూడదు, చల్లనా తెలియకూడదు. "అక్కడ మీ చేతికింద ఉండేవాళ్ళలో సగంమందికి నోరు పెగలదు. కాలిందని చెప్పలేరు. అందుకని మీ చెయ్యే వాళ్ళ నోరు అనుకోండి" అని నేనే చెప్పాను. మాట బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

అందరూ చుక్క వేసుకుని ఉఫ్ ఉఫ్ అంటున్నారు. గరిటక్క కూడా వేసుకుంది, తల ఊపింది, బాగుందంది. ఆమె గిన్నెలోంచి ఇంకా పొగలు వస్తున్నాయి. ఇంకో చేత్తో, అప్పుడే పొయ్యి మీంచి దింపిన ఆ గిన్నె అడుగు పట్టుకునే ఉంది. నాకు ముందు కమురు వాసన వచ్చింది. గిన్నె లాగేసి చూస్తే అరచెయ్యి ఎర్రగా కందిపోయి, అంచున బొబ్బ లేస్తోంది. ఆమె నా మొహం చూసి, తరవాత తన చెయ్యి చూసుకుంది.

క్లాసు అయ్యాక కూర్చోబెట్టి అడిగాను. షుగరు పదేళ్ళుగా ఉందట. మొదట వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, తరవాత అరచేతులు, ఇప్పుడు మోచేతి కిందదాకా ఏమీ తెలియదు. నరాలు చచ్చిపోయాయని డాక్టరు చెప్పాడట. క్యాంటీన్లో తెలిస్తే పొయ్యి దగ్గరికి రానివ్వరని ఎవరికీ చెప్పలేదు. పొగ చూసి, చప్పుడు విని, వాసన పట్టి వంట సాగించేస్తోంది.

"టీచరమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఎవరికీ చెప్పకండి. నాకు ఆ గది కావాలి."

నేను చెప్పలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. నాకెందుకో పంతం వచ్చింది. నా దగ్గర చదివినవాళ్ళెవరూ తప్పలేదు, ఇదీ తప్పకూడదు. మా స్టీలు గిన్నెలో జావ పోసి నేనే థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను. ఆమె గరిటెతో నెమ్మదిగా తిప్పింది. తొంభై తిప్పులకి సరిగ్గా దిగింది. మర్నాడు మళ్ళీ చేశాం, తొంభై. అయిదు రోజులు వరసగా తొంభై. "లెక్క తప్పకు. తొంభై తిప్పాక మణికట్టు మీద చుక్క వేసుకో, తెలిసినట్టు తల ఊపు, తినిపించెయ్. అక్కడికెళ్ళాక ఎలాగూ థర్మామీటరు ఇస్తారు" అన్నాను. ఇస్తారో లేదో నాకు తెలియదు. పరీక్షలో మటుకు వాడనివ్వరని తెలుసు. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

పరీక్షకి వచ్చినావిడ సన్నగా, పొట్టిగా, అరవై ఏళ్ళ మనిషి. నాకు తప్ప ఎవరికీ వాళ్ళ భాష ధారాళంగా రాదు గనక అటూ ఇటూ మాట చెప్పడానికి నన్నే పక్కన కూర్చోబెట్టుకుంది. తినేవాళ్ళ కుర్చీలో మా ఆయమ్మ కూర్చుంది. గదులు ఊడ్చే మనిషి, డెబ్భై దగ్గరికొచ్చింది, ప్రతి పరీక్షకీ రోగి వేషం ఆమెదే. "ఏడాదికి రెండుసార్లు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నోటికి అందించేది మీ పరీక్షేనమ్మా" అంటుండేది. గరిటక్క అంటే ఆమెకు ప్రాణం. ఆ బొబ్బకి మందు రాసింది ఆమే. గరిటక్క గది సంగతి ఆమెకు మొత్తం తెలుసు.

అందరినీ బయట కూర్చోబెట్టి ఒక్కొక్కరినే పిలిచారు. మొదట పక్క బెంచీ అమ్మాయి వచ్చింది. జావ కాచింది. వడ్డించబోతుంటే పరీక్షకి వచ్చినావిడ తన సంచీలోంచి కొత్త గిన్నెలు తీసింది. రెండు పొరల గిన్నెలు, మందంగా ఉన్నాయి. ముసలివాళ్ళు నెమ్మదిగా తింటారు గనక చల్లారిపోకుండా చేసినవట. మేం తొంభై లెక్క కట్టింది మా పల్చటి స్టీలు గిన్నెతో. ఆ అమ్మాయి జావ పోసి తిప్పింది, మణికట్టు మీద వేసుకుంది, కాలి చెయ్యి విదిలించుకుంది, మళ్ళీ తిప్పింది. నేను మనసులో లెక్కపెడుతూనే ఉన్నాను. రెండువందల పాతికైనా చల్లారలేదు. ఆ తరవాత నాకు లెక్క తప్పింది.

నాలుగో మనిషిగా గరిటక్క వచ్చింది. ఉతికిన చీర, గట్టిగా బిగించిన ముడి. చీటీ చదివింది, ఒక్క తడబాటు లేదు. ముల్లంగి తొక్క తీసి, సన్నగా తరిగి, ఉడికించి, మెత్తగా మెదిపి, జావలో కలిపింది. పరీక్షకి వచ్చినావిడ కనుబొమలు పైకి లేచాయి, మెచ్చుకోలుగా. తరవాత ఆ మందపాటి గిన్నెలో జావ పోసి, గరిటె పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి.

నేను ఆమెకు మూడడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క దగ్గు దగ్గితే సరిపోయేది. కంటితో సైగ చేసినా ఆగేది. కానీ సైగ చేస్తే ఈవిడకి అనుమానం వస్తుందేమో, మొత్తం బయటపడుతుందేమో, అన్నేళ్ళ నా మంచి పేరు పోతుందేమో. అరవై అయింది, డెబ్భై అయింది. ఎనభై దాటింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఈ మాట రాయడానికి నాకిప్పటికీ సిగ్గుగా ఉంది.

తొంభై. మణికట్టు మీద చుక్క వేసుకుంది, తల ఊపింది. చెంచా నిండా తీసి ఆయమ్మ నోటికి అందించింది.

ఆయమ్మ మింగింది. కిక్కురుమనలేదు. మెడమీద నరాలు తేలాయి, రెండు చేతులూ కుర్చీ కోళ్ళని పట్టేసుకున్నాయి. ఎలా ఉందని పరీక్షకి వచ్చినావిడ అడిగింది, నేను తెలుగులో అడిగాను. "బాగుందమ్మా. కమ్మగా ఉంది. సరిగ్గా చల్లారింది" అంది ఆయమ్మ, గొంతు బొంగురుపోయి. పరీక్షకి వచ్చినావిడ పెన్ను అందుకుంది. అయిపోయింది, గట్టెక్కేశాం అనుకున్నాను.

గరిటక్క పెన్నుకేసి చూడటం లేదు. ఆయమ్మ కళ్ళకేసి చూస్తోంది. ఆ కళ్ళనిండా నీళ్ళు. రెండో చెంచా కోసం ఆయమ్మ నోరు తెరిచే ఉంచింది. గరిటక్క చెంచా గిన్నెలో పెట్టేసి, గిన్నె బల్లమీద పెట్టేసింది.

"మాద అత్సుయ్ దెస్. సమషితె ఇమసెన్" అంది. ఇంకా వేడిగానే ఉంది, చల్లార్చలేదు అని. నేను నేర్పిన మాటలే, పొల్లు పోకుండా.

పెన్ను ఆగింది. మణికట్టు మీద వేసుకుని చూశావు కదా, మరి తెలియలేదా అని ఆవిడ అడిగింది. అంత పెద్ద జవాబుకి గరిటక్క దగ్గర మాటలు లేవు. నావైపు తిరిగింది.

"మీరు చెప్పండి టీచరమ్మా. నా చేతులకి వేడి తెలియదు. లెక్కపెట్టి చేశాను. లెక్క తప్పింది. అలాగే చెప్పండి."

నేను చెప్పాను. గిన్నె కొత్తది కావడంతో కంగారు పడిందనీ, ఇంకొక్క అవకాశం ఇమ్మని అడుగుతోందనీ చెప్పాను. ఆవిడ తల ఊపి, సరే చూద్దాం అన్నట్టు గిన్నె జరపబోయింది.

"చెయ్యి అన్న మాటే రాలేదు టీచరమ్మా" అంది గరిటక్క.

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గిన్నె అంటే ఏంటో, కొత్త అంటే ఏంటో, చెయ్యి అంటే ఏంటో పొయ్యి దగ్గర నిలబెట్టి నేర్పింది నేనే. ఆమె రెండు అరచేతులూ చాపి ఆవిడ ముందు పెట్టింది. "తె" అంది, చెయ్యి అని. "అత్సుయ్. వకరిమసెన్." వేడి. తెలియదు.

ఆవిడ లేచి నిలబడింది. ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, పెన్ను మొనతో ఒక్కో వేలినీ నొక్కింది. గరిటక్క ఆవిడ మొహంకేసే చూస్తూ నిలబడింది, ఎప్పుడు నొక్కుతోందో ఎప్పుడు వదులుతోందో తెలియకుండా. ఆవిడ వంగి నమస్కరించింది. తరవాత కూర్చుని కాగితంమీద ఒక గుర్తు వేసింది. ఆ గుర్తుకి అర్థం నేను ఎవరినీ అడగక్కర్లేదు.

మెట్లమీద పట్టుకున్నాను గరిటక్కని. సిగ్గంతా కోపంగా మారింది నాకు. "పిచ్చిదానా! ఆయమ్మే బాగుందంటే మధ్యలో నీకేం పోయింది? నోట్లోదాకా వచ్చింది కాలదన్నుకున్నావు! ఎక్కడుంటావిప్పుడు, ఆ కాగితంలో ఉంటావా?" అని అరిచాను. సైకిల్ షాపువాళ్ళు పని ఆపి చూశారు.

"ఆయమ్మకి నోరుంది టీచరమ్మా. నాకోసం అబద్ధం ఆడింది. అక్కడ నోరు లేనివాళ్ళకి నేను రోజూ మూడుపూటలా పెట్టాలి కదా. నా చెయ్యే వాళ్ళ నోరని మీరేగా చెప్పారు" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. జాకెట్టులోంచి పర్సు తీసి ఆ కాగితం నా చేతిలో పెట్టి, బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

ఆయమ్మ పదిరోజులు చల్లనీళ్ళు, మజ్జిగ తప్ప ఏమీ మింగలేకపోయింది. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే, "ముందు ఆ పిల్లకి గది చూడండమ్మా" అని మొహం అటు తిప్పుకుంది.

నేను చూడలేదని కాదు. మా ఇంటికి వచ్చి ఉండమని కబురు పంపాను. మీ దగ్గర నాకు చదువు చాలు అని తిరుగు కబురు వచ్చింది.

మూడు నెలలకి ఆసుపత్రి క్యాంటీన్‌కి వెళ్ళాను. పరీక్షలో జరిగింది ఎవరి నోటనో అక్కడిదాకా పాకి, ఆమెను పొయ్యి దగ్గర్నుంచి తీసేశారు. వెనకవైపు తొట్ల దగ్గర గిన్నెలు తోముతోంది. మెట్ల కింద గోడ కొట్టేశారట. నడవాలో చీర అడ్డం కట్టుకుని పడుకుంటోంది. నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, టీ తెచ్చింది. తెచ్చి నా చేతికి వెంటనే ఇవ్వలేదు. పక్కన గిన్నెలు తోముతున్న మనిషికి గ్లాసు చూపించి, "కాస్త ముట్టుకుని చూడవే, వేడి ఎంతుందో" అంది. ఆ మనిషి ముట్టుకుని, కాస్త ఆగమంది. ఇద్దరం ఆ గ్లాసుకేసి చూస్తూ నిలబడ్డాం. క్షమించమని అడగడానికే వెళ్ళాను గానీ అడగలేదు.

"ఆ గది ఎవరికి వచ్చింది టీచరమ్మా?" అంది.

"నీ పక్క బెంచీ అమ్మాయికి. పోయిన వారం చేరిందట."

"గడియ లోపలే ఉందటా?"

"లోపలే ఉందట."

"మంచిది" అంది. టీ నా చేతికిచ్చి తొట్టి దగ్గరికి వెళ్ళిపోయింది.